కామాక్షికి వీడ్కోలు

శనివారం పదకొండు గంటలకు, పిల్లలకు స్నానాలింకా సగం కూడా కాకముందే, కామాక్షి సంచీ సర్దేసుకుంది.

సర్దడానికి పెద్దగా ఏముంది గనక. నాలుగు జతల బట్టలు, ధ్యానానికి వేసుకునే చాప, ఊరి నుంచి తెచ్చుకున్న ఆవకాయ సీసా. ఉన్ని శాలువా కోసం మాత్రం పెరట్లోకి వెళ్ళాల్సి వచ్చింది. ఎవరో దాన్ని కుక్క మెడకు కట్టారు. కుక్కకు అది నచ్చినట్టుంది, ఇవ్వడానికి ఒప్పుకోలేదు. కాసేపు లాగి చూసి, శాలువా దానికే వదిలేసి వచ్చింది.

కామాక్షిది కావలి. అక్కడి జూనియర్ కాలేజీలో పాతికేళ్ళు వృక్షశాస్త్రం చెప్పింది. పెళ్ళి చేసుకోలేదు. పన్నెండేళ్ళుగా ధ్యానం చేస్తున్న మనిషి. తెల్లవారుజామునే లేచి, నాలుగు దిక్కులకూ మనసు తిప్పి, సమస్త జీవులూ సుఖంగా ఉండాలని కోరుకునేది. వంటింట్లో చీమల బారు కనబడితే వాటిని చెదరగొట్టకుండా తనే పక్కకు తప్పుకునేది. ఇంత మైత్రి తనకు అబ్బిందని ఆవిడ పైకి ఎప్పుడూ అనలేదు. లోపల మాత్రం కాస్త అనుకునేది. అనుకోకుండా ఉండటం అంత తేలికా!

ఆ మైత్రికి మెరుగు పెట్టుకోవాలనే ఆవిడ నేపాల్ వచ్చింది. పాటన్ ఊరి శివార్లలో సుమేధా గురుమా అని ఒక బౌద్ధ సన్యాసిని ఉందని ఎవరో చెప్పారు. అక్కడ సన్యాసినుల్ని గురుమా అనే పిలుస్తారు. గుండు, గులాబీరంగు బట్టలు, డెబ్బై దాటిన వయసు. తల్లీ తండ్రీ లేనివాళ్ళు, ఉండీ పెంచలేనివాళ్ళు వదిలిపెట్టిన పిల్లలు పంతొమ్మిది మంది ఆవిడ ఇంట్లో పెరుగుతున్నారు.

"మైత్రి ఎలా సాధించాలో నేర్పండి గురుమా," అని వచ్చిన రోజున కామాక్షి చేతులు జోడించి అడిగింది.

గురుమా ఆమెను పైనుంచి కిందిదాకా చూసి, "పంతొమ్మిది దుప్పట్లు ఉన్నాయి నానీ. ముందు అవి ఉతుకు," అంది. ఆవిడ ఏడేళ్ళవాళ్ళనీ డెబ్బై ఏళ్ళవాళ్ళనీ కూడా నానీ అనే పిలుస్తుంది. పాప అని దాని అర్థం.

మొదటి మూడు నెలలూ కామాక్షికి స్వర్గంలా గడిచాయి. పిల్లలు కాదు, ముత్యాలు. కూర్చోండి మిస్, తినండి మిస్, మీ చెయ్యి నొప్పి పుడుతోందా మిస్ అనేవాళ్ళు. ఒక ఆదివారం ఆవిడ పులిహోర చేస్తే చాలా బాగుంది మిస్ అని రెండోసారి వడ్డించుకున్నారు. వాళ్ళలో బుద్ధిమాయ అని ఏడేళ్ళ తమాంగ్ తెగ పిల్ల ఉంది. పండిన యాపిల్ లాంటి బుగ్గలు, ముందు పళ్ళు రెండూ లేవు. ఆ పిల్లయితే రోజూ ఒక పువ్వు తెచ్చి ఆవిడ పుస్తకం మీద పెట్టి వెళ్ళేది.

ఆ ముత్యాల్ని వదిలి వెళ్ళబుద్ధి కాక, కామాక్షి ఉద్యోగానికి స్వచ్ఛంద విరమణ రాసి పంపింది. ఒక సాయంత్రం అన్నాలప్పుడు, "నేనిక ఇక్కడే ఉండిపోతున్నాను," అని పిల్లలకు చెప్పింది. "నిజంగా?" అంది బుద్ధిమాయ. నిజంగానే అంది కామాక్షి. ఆ పిల్ల మళ్ళీ అడిగింది. మూడోసారి కూడా అడిగింది. మర్నాడు గురుమా కామాక్షిని కింది అతిథుల గది నుంచి పిల్లల గది పక్కకు మార్చింది. పిల్లలు ఆవిణ్ణి కామా దిదీ అనడం మొదలుపెట్టారు. దిదీ అంటే అక్క.

సరిగ్గా ఆ వారం నుంచే ఆవిడకు కష్టాలు మొదలయ్యాయి.

చెప్పుల్లో మిగిలిన పప్పు పోశారు. ధ్యానంలో కూర్చుంటే కిటికీ అవతల నిలబడి ఆవిడ మొహంలా మొహం పెట్టి నవ్వారు. హోంవర్క్ చెయ్యమంటే చెయ్యం పొమ్మన్నారు. పువ్వు రావడం ఆగిపోయింది. కొత్త ఒక వింత, పాత ఒక రోత అని ఊరికే అనలేదు పెద్దలు, అనుకుంది కామాక్షి. అనుకుని, ఇంకా పొద్దున్నే లేచి ఇంకొంచెం ఎక్కువసేపు ధ్యానం చేసింది. నాలుగు దిక్కులకూ వెళ్ళిన మైత్రి పక్కగదిలోకి మాత్రం వెళ్ళినట్టు లేదు.

శుక్రవారం సాయంత్రం ఆవిడ మనసు మరీ చివుక్కుమంది. ఎక్కడో యూరప్ నుంచి వచ్చి రెండు వారాలు సేవ చేసిన ఐదుగురు కాలేజీ పిల్లలు ఆ రోజు వెళ్ళిపోయారు. ఆ ఇంట్లో ఎవరు వెళ్ళినా ఒక పద్ధతి ఉంది. గంట కొట్టగానే పిల్లలందరూ పొడుగు వారీగా వరసలో నిలబడతారు. పాట పాడతారు. వెళ్ళేవాళ్ళ మెడలో ఖదా వేస్తారు. అక్కడ శుభం కోరి వేసే తెల్లటి పట్టు ఉత్తరీయం అది. వెళ్ళేవాళ్ళకు ఏ పిల్ల ఎక్కువ చేరికో ఆ పిల్లే దాన్ని వెయ్యాలి. ఆ ఐదుగురూ పాట వింటూ వెక్కి వెక్కి ఏడిస్తే, పిల్లలే వాళ్ళ కళ్ళు తుడిచి, వీపు నిమిరి, టాక్సీ ఎక్కించారు.

రెండు వారాలకే ఇంత ప్రేమా! నాలుగు నెలల నుంచీ చాకిరీ చేస్తున్న తనకు చెప్పుల్లో పప్పూనా!

అయినా శనివారం ఆవిడ నాలుగింటికే లేచింది. శనివారం అక్కడ బడికి సెలవు, పిల్లలకు తలంట్ల రోజు. మంచిగా మొదలుపెడదామని, కావలి నుంచి తెచ్చుకున్న చింతపండు ఆఖరి ముద్ద నానబెట్టి పులిహోర కలిపింది. పిల్లలు పళ్ళేల ముందు కూర్చున్నారు. ఒకడు మెతుకులు గోడకు అంటించాడు. ఇంకొకతె ముక్కు మూసుకుంది. బుద్ధిమాయ నోట్లో పెట్టుకున్న ముద్దను అందరూ చూస్తుండగా పళ్ళెంలోకి ఉమ్మేసింది.

"పులుపు! నాకు ఇష్టం లేదు!"

"మొదటిసారి చేసినప్పుడు బాగుందన్నావు కదే! రెండుసార్లు తిన్నావు!"

"అప్పుడు నువ్వు మిస్సువి," అంది బుద్ధిమాయ. "ఇప్పుడు కాదుగా."

ఆ మాట కామాక్షికి ఎక్కడ తగలాలో అక్కడే తగిలింది. పళ్ళు బిగబట్టి పళ్ళేలు తీసింది.

తర్వాత తలంట్లు. ట్యాంకర్ మూడు రోజులకోసారి వస్తుంది. డాబా మీద నల్ల డ్రమ్ములో ఎండకు వేడెక్కిన నీళ్ళు తలా రెండు బకెట్లు, అంతే. ఆవనూనె రాసి, సబ్బు రుద్ది, ఆరుగుర్ని దాటించేసరికి నడుము పట్టేసింది. ఏడోది బుద్ధిమాయ. సబ్బు మధ్యలో ఉండగా లేచి పరుగెత్తింది. పట్టుకోబోతే వేడినీళ్ళ బకెట్టును తన్నేసింది. డాబా అంతా నీళ్ళు. కామాక్షి దాన్ని రెక్క పట్టుకుని లాగితే మణికట్టు మీద కొరికింది. ముందు పళ్ళు లేవు కాబట్టి పక్క పళ్ళతో, మెడ తిప్పి మరీ కొరికింది.

కామాక్షి చెయ్యెత్తింది.

బుద్ధిమాయ తప్పుకోలేదు, కళ్ళు కూడా మూసుకోలేదు. నురగ కారుతున్న మొహంతో ఆవిణ్ణే చూస్తూ, "కొట్టు," అంది.

ఎత్తిన చెయ్యి గాల్లోనే ఆగిపోయింది. కామాక్షి దాన్ని దింపుకుని, మెట్లు దిగి, గదిలోకి వెళ్ళి, సంచీ సర్దడం మొదలుపెట్టింది. చీమలకు దారి ఇచ్చిన మనిషి ఏడేళ్ళ పిల్ల మీద చెయ్యెత్తింది. ఆ సిగ్గు ఒకవైపు, వీళ్ళకు నేనంటే గిట్టదన్న ఏడుపు ఒకవైపు.

గురుమా వాకిట్లో ఎండలో పీట మీద కూర్చుని చిరిగిన మేజోళ్ళు కుడుతోంది. పంతొమ్మిది మంది పిల్లలంటే ముప్ఫై ఎనిమిది పాదాలు. ఆ పనికి అంతు ఉండదు.

కామాక్షి సంచీ కింద పెట్టి ఆవిడ ముందు కూర్చుంది.

"నేను వెళ్ళిపోతాను గురుమా. సాయంత్రం సరిహద్దుకు బస్సు ఉంది."

గురుమా దారం కొరికి, "ఊఁ," అంది.

ఎందుకని అడగకపోయేసరికి కామాక్షికి ఇంకా ఉక్రోషం వచ్చింది. మొత్తం తనే చెప్పింది. పప్పు, శాలువా, పులిహోర, మణికట్టు, ఏదీ వదల్లేదు.

"మూడు నెలలు మీరు, మిస్ అన్నారు. ఇప్పుడు నువ్వు అంటున్నారు. అప్పుడు మిస్సువి, ఇప్పుడు కాదుగా అని మొహం మీదే అంది ఆ పిల్ల. రానురాను రాజుగుర్రం గాడిద అయిందని మా వైపు ఒక సామెత ఉంది గురుమా. నా బతుకు అలా అయింది. నిన్న ఆ ఐదుగురికీ ఎంత చక్కగా పాడారో మీరూ చూశారు. రెండు వారాలు ఉన్నవాళ్ళ మీద ఉన్న ప్రేమలో పదోవంతు నా మీద లేదు." ఆవిడ గొంతు తగ్గింది. "చెయ్యెత్తాను గురుమా. బుద్ధిమాయ మీద."

గురుమా సూది ఆపింది.

"దింపావా?"

"దింపాను."

"ఊఁ." సూది మళ్ళీ కదిలింది. "వెళ్ళడం ఖాయమేనా?"

"ఖాయమే."

గురుమా మేజోడు పక్కన పెట్టి, మోకాళ్ళ మీద చేతులు ఆనించి మెల్లగా లేచింది. తలుపు పక్కన వేలాడే ఇత్తడి గంట దగ్గరికి వెళ్ళి మూడుసార్లు కొట్టింది.

"ఎందుకు గురుమా? వద్దు," అంది కామాక్షి కంగారుగా. "చెప్పకుండానే వెళ్ళిపోతాను."

"ఈ ఇంట్లో అలా ఎవరూ వెళ్ళరు," అంది గురుమా.

పిల్లలు డాబా మీద నుంచీ పెరట్లో నుంచీ వచ్చారు. తడితలలతో కొందరు, నూనెతలలతో కొందరు. "ఎవరు?" అని ఒక పిల్ల అడిగింది.

"మీ కామా దిదీ," అంది గురుమా.

అరక్షణం ఎవరూ కదల్లేదు. ఆ తర్వాత ఎవరూ ఏమీ అడగలేదు కూడా. వంటామె లోపలికెళ్ళి ఖదాల రేకుపెట్టె తెచ్చింది. పొద్దున్నుంచీ చెప్పిన మాట ఒక్కటి వినని పిల్లలు, ఒక్కరూ తొయ్యకుండా, గిల్లకుండా, పొడుగు వారీగా వరసలో నిలబడ్డారు. నిక్కరు జారుతున్నవాడు పైకి లాక్కున్నాడు. ముక్కు కారుతున్నది తుడుచుకుంది. అందరికంటే పొడుగు పిల్ల ఒకటి, రెండు, మూడు లెక్కపెట్టింది. పాట మొదలైంది.

మా కొండ దాకా వచ్చిన అతిథికి దారంతా చల్లగా ఉండాలనీ, మళ్ళీ ఎప్పుడైనా మా గుమ్మం గుర్తుకు రావాలనీ ఆ పాట. నిన్న కామాక్షి పక్కన నిలబడి విన్నది. ఇవాళ ఎదురుగా నిలబడి వింది. ఒక్క గొంతు కూడా తప్పలేదు. అందరి మొహాల మీదా చిన్న నవ్వు ఉంది. గోడకు మెతుకులు అంటించినవాడు చేతులు కట్టుకుని ఎంత మర్యాదగా పాడుతున్నాడంటే, వాడేనా వీడు అనిపించింది. అందరిలోకీ చిన్నది నాలుగేళ్ళది. దానికి మాటలే సరిగ్గా రావు. ఈ పాట మాత్రం మొదటి నుంచి చివరిదాకా వచ్చు. ఎన్నిసార్లు పాడితే వచ్చి ఉంటుందో!

కామాక్షికి వీపు మీద చలిగా అనిపించింది. ఎండ బాగానే ఉంది.

పాట అయింది. పొడుగు పిల్ల పెట్టె తెరిచి ఒక ఖదా తీసింది. ఎవరు వెయ్యాలని ఎవరినీ అడగలేదు. నేను వేస్తానంటే నేను వేస్తానని ఎవరూ ముందుకు రాలేదు. వరసంతా ఒక్కసారి జరిగి, మధ్యలో ఒకరికి దారి ఇచ్చింది. పొడుగు పిల్ల ఖదాను తీసుకెళ్ళి బుద్ధిమాయ చేతుల్లో పెట్టింది.

కామాక్షి పొరపాటేమోనని చూసింది. పొరపాటు కాదు.

బుద్ధిమాయ నడిచి వచ్చింది. ఎడమ చెవి వెనక సబ్బు నురగ అలాగే ఉంది. జుట్టు తనే దువ్వుకున్నట్టుంది, పాపిడి వంకరపోయింది. ఖదాను రెండు చేతుల మీదా పరిచి ఎత్తి పట్టుకుంది. అందలేదు. కామాక్షి వంగింది. మెడ చుట్టూ తెల్లటి పట్టు మెత్తగా పడింది. అంత దగ్గర్నుంచి కామాక్షి ఆ పిల్ల కళ్ళలోకి చూడబోయింది. ఆ కళ్ళు ఆవిడ భుజం అవతల ఎక్కడో ఉన్నాయి. పెదాల మీద మాత్రం చక్కటి నవ్వు ఉంది. నిన్న ఐదుగురికీ ఇచ్చిన నవ్వే.

"థాంక్యూ మిస్," అంది బుద్ధిమాయ. "మీరు మాకు చాలా బాగా వండిపెట్టారు. మళ్ళీ తప్పకుండా రండి మిస్."

కామాక్షికి మణికట్టు మీద కొరికిన చోటు ఇంకా మండుతోంది. ఇప్పుడు ఆ మంట ఒక్కటే ఆవిడకు ఆప్తంగా తోచింది.  

పొడుగు పిల్ల రెండుసార్లు చప్పట్లు కొట్టింది. వరస విడిపోయింది. గేటు దాకా ఎవరూ రాలేదు. వెనక్కి తిరిగి ఎవరూ చూడలేదు. ఇద్దరు గోళీలు తీశారు. ఒకతె తాడాట మొదలుపెట్టింది. బుద్ధిమాయ పెరటి కుళాయి దగ్గరికి వెళ్ళి, గొంతుక్కూర్చుని, చన్నీళ్ళతో చెవి వెనక నురగ తనే కడుక్కోసాగింది.

గురుమా పీట మీద కూర్చుని మేజోడు అందుకుంది. కామాక్షి వైపు చూడలేదు.

కామాక్షి మెడలో ఖదాతో నిలబడి, ఆ పిల్ల నురగ కడుక్కోవడం చూసింది. కాసేపటికి, "గురుమా, నేను వెళ్ళను," అంది.

"నాకెందుకు చెప్తావు?" అంది గురుమా సూదిలో దారం ఎక్కిస్తూ.

కామాక్షి కుళాయి దగ్గరికి వెళ్ళి ఆ పిల్ల పక్కన కూర్చుంది.

"అవి చన్నీళ్ళు. పైన డ్రమ్ములో ఇంకా వేడినీళ్ళు ఉన్నాయి. నీ స్నానం సగమే అయింది, రా."

బుద్ధిమాయ చెవి కడుక్కోవడం ఆపలేదు. "మీ బస్సు టైమవుతుంది మిస్."

"బస్సు దాని దారిన అది పోతుంది. నేను పోవడం లేదు."

"సంచీ సర్దారు కదా."

"సర్దాను. బుద్ధి తక్కువై సర్దాను. విప్పేస్తాను."

ఆ పిల్ల తలెత్తి చూసింది. ఈసారి కళ్ళు ఎక్కడికీ పోలేదు, ఆవిడ మొహం మీదే నిలిచాయి. నిక్కచ్చి అధికారి కాగితాలు చూసినట్టు చాలాసేపు చూసింది.  అప్పుడు పక్కనున్న చెంబు తీసి, నిండా చన్నీళ్ళు పట్టి, కామాక్షి నెత్తిన గుమ్మరించింది.

"అయితే ఆ పుల్లటి అన్నం మళ్ళీ చెయ్యకు!" అని అరిచింది. అరుస్తూనే ఏడ్చింది. రెండు చేతులతో ఆవిడ తడిసిన బట్టలు పట్టుకుని, తలతో పొట్టలో కుమ్ముతూ ఏడ్చింది. "ఎప్పుడూ చెయ్యకు! నువ్వు చెడ్డదానివి! చెయ్యకు!"

"చెయ్యను," అంది కామాక్షి. ఆవిడకూ కళ్ళ వెంట నీళ్ళు కారుతున్నాయి. చెంబు నీళ్ళలో కలిసిపోయాయి కాబట్టి ఎవరూ పట్టించుకోలేదు. "నీ మీద ఒట్టు. చెయ్యను."

"శనివారం కూడా?"

"శనివారం కూడా. ఇక పద స్నానానికి."

"రాను!" అంది బుద్ధిమాయ. అని, ముక్కు ఆవిడ చున్నీకి తుడిచి, మెట్ల వైపు పరుగు తీసింది. గోళీలు ఆడేవాళ్ళు గోళీలు వదిలేసి, కామా దిదీ తడిసింది, కామా దిదీ తడిసింది అని గోల చేస్తూ దాని వెనకే పరుగెత్తారు.

కామాక్షి తలలోంచి నీళ్ళు కారుతుండగా వాకిట్లోకి వచ్చింది. మెడలోని ఖదా తీసి, నీళ్ళు పిండి, తీగ మీద ఆరేసింది. చలికి పళ్ళు టకటకలాడుతున్నాయి. డాబా మీద బకెట్టు దొర్లిన చప్పుడు వినబడింది. వెళ్ళబోతూ, గురుమా దగ్గర ఆగింది.

"గురుమా, మీకోసం పిల్లలు ఈ పాట ఎన్నిసార్లు పాడి ఉంటారు?"

"నాకా?" అంది గురుమా. తల ఎత్తలేదు, కుడుతున్న మేజోడును కళ్ళకు ఇంకా దగ్గరగా పెట్టుకుంది. "ఇరవై రెండేళ్ళయింది నానీ. ఒక్కసారీ పాడలేదు. మొన్న నా కళ్ళద్దాలు పప్పుగిన్నెలో ఉడికాయి."